పిల్లల నోరు మూయించింది సెల్‌ఫోను కాదు



"పదో తరగతి దాటితే పిల్లలు మందిరానికి రావడం లేదు అయ్యగారూ, అంతా సెల్‌ఫోను వల్లే" అని ప్రతి కూడికలోనూ వింటున్నాము. మేము ఒప్పుకోము. ఫోను చేతికి రాకముందే మనము వాళ్ల నోరు మూయించాము.

మా సంఘములో ఒక అబ్బాయి, పదో తరగతి పరీక్షలకు వివరాలు నింపిన రోజున తండ్రిని అడిగాడు: "నాన్నా, ఆదివారం మనం క్రైస్తవులం, కాగితం మీద హిందువులం. ఏది నిజం?" తండ్రి కసిరాడు. యూత్ లీడరు, "ఇలాంటి ప్రశ్నలు సాతాను పుట్టిస్తాడు, ప్రార్థన చేసుకో" అన్నాడు. చివరికి మా దగ్గరకు వచ్చాడు. సెమినరీలో చదివిన మేము కూడా, "ముందు పరీక్షలు రాయి, తర్వాత చూద్దాం" అన్నాము. హాల్ టికెట్టు మీద చెయ్యి ఉంచి ప్రార్థన మాత్రం చేశాము! పరీక్షలయ్యాక అతడు మళ్లీ మందిరంలో కనబడలేదు.

చెప్పడానికి మాట లేక కాదు. షెడ్యూల్డ్ కులాల హోదాకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మతం షరతు పెట్టారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. మనకు తెరవలేదు. క్రైస్తవులమని రాస్తే మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక్క శాతమే. ఊళ్లో మాత్రం మన మతం ఎవరూ అడగరు, ఏ పేట అనే అడుగుతారు. ఇదంతా తండ్రి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని చెప్పవచ్చు. "నీ చదువు ఆగిపోతుందని భయపడి రాశానురా, ప్రభువు ముందు నాకది బరువుగానే ఉంది" అని కూడా చెప్పవచ్చు. కొడుక్కి ఆ జవాబు నచ్చకపోవచ్చు. కాని తన తండ్రి తన దగ్గర ఏదీ దాచలేదని తెలుసుకుంటాడు.

కొందరు సేవకులు అలాంటి తండ్రిని వేదిక మీదనుండి వేషధారి అంటారు. పిల్లల ఫీజుకు ఇబ్బంది లేనివారికి ఆ మాట తేలికే.

లూకా సువార్త 2వ అధ్యాయం చూడండి. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చొని వింటున్నాడు, ప్రశ్నలు అడుగుతున్నాడు. పెద్దల దగ్గర ఈ పిల్లవాడికేం పని అని వాళ్లు బయటకు పంపలేదు. మరియ అయితే కుమారుని జవాబు అర్థం కాకపోయినా దానిని మనసులో భద్రపరచుకుంది. తల్లిదండ్రులారా, అన్నిటికీ జవాబు తెలిసి ఉండనక్కరలేదు. మనమేమో కీబోర్డు నేర్పుతున్నాము, క్విజ్ పెట్టి స్టీలు గిన్నెలు పంచుతున్నాము. అరవై ఆరు పుస్తకాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్లవాడు తన మనసులో ఉన్న ఒక్క ప్రశ్న అడగడానికి భయపడుతున్నాడు.

వచ్చే నెల మొదటి ఆదివారం యూత్ కూడికలో పాటల ప్రాక్టీసు ఉండదు. తల్లిదండ్రులు కూడా వచ్చి చాప మీద పిల్లలతో కూర్చోవాలి. ముందు పిల్లలు అడుగుతారు. లీడర్లు మధ్యలో ప్రార్థన మొదలుపెట్టకూడదు.

ఆ అబ్బాయి ఇంటికి రేపు సాయంత్రం వెళ్తున్నాము, క్షమించమని అడగడానికి. తలుపు తీస్తాడో లేదో.