మన ఇంగ్లీషు తప్పుల వెనక మన తెలుగే ఉంది

పిల్లలు ఇంగ్లీషు మీడియంలో నాలుగైదు క్లాసులు దాటగానే చాలా ఇళ్లలో ఒక కొత్త పరీక్షాధికారి తయారవుతారు. అమ్మ ఫోన్లో ఎవరితోనైనా రెండు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడితే చాలు, పక్కనుంచి ముసిముసి నవ్వులు. "అమ్మా, ఐ యామ్ హావింగ్ టూ చిల్డ్రన్ అనకూడదు" అని దిద్దుబాటు. ఎందుకనకూడదు అని అడిగితే వాళ్లూ చెప్పలేరు. "అలా అనరంతే" అంటారు. అమ్మ ఊరుకుంటుంది. ఆ తర్వాత స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ వస్తే "మీరు వెళ్లిరండి, నాకు పనుంది" అని ఆయన్ని పంపిస్తుంది. పిల్లల చదువు గురించి ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఇంట్లోనే ఉండిపోతుంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మన మాటల్లో దొర్లే ఇంగ్లీషు తప్పులు తెలివితక్కువతనం కాదు. వాటిలో చాలావరకు తెలుగు వ్యాకరణమే ఇంగ్లీషు మాటలు కట్టుకుని బయటికి వస్తోంది. ఆ సంగతి తెలిస్తే సిగ్గు సగం పోతుంది. దిద్దుకోవడమూ తేలికవుతుంది.

వాక్యం కట్టే తీరే చూడండి. "అత్తగారు కోడల్ని మెచ్చుకున్నారు" అన్నా, "కోడల్ని అత్తగారు మెచ్చుకున్నారు" అన్నా మనకు ఒకటే అర్థం. ఎవరు ఎవర్ని అన్నది ఆ "ని" చెప్పేస్తుంది. ఇంగ్లీషులో హి, హిమ్ లాంటి కొన్ని సర్వనామాల్లో తప్ప అలాంటి గుర్తు లేదు. క్రియకు ముందున్నవాళ్లు కర్త, తర్వాత ఉన్నవాళ్లు కర్మ. "ద మదరిన్‌లా ప్రెయిజ్డ్ ద డాటరిన్‌లా" అన్నదాన్ని అటూ ఇటూ చేస్తే మెచ్చుకున్నది కోడలైపోతుంది. మన విభక్తి చేసే పని అక్కడ మాట కూర్చున్న చోటు చేస్తుంది. అందుకే "మార్కెట్లో వంకాయలు కొన్నాను" అనేటప్పుడు మన క్రియ హాయిగా చివర్న కూర్చుంటే, "ఐ బాట్ బ్రింజాల్స్ ఇన్ ద మార్కెట్"లో అది కర్త వెనకాలే రావాలి.

రెండోది మన "నాకు". నాకు ఆకలేస్తోంది, నాకు జ్వరం వచ్చింది, నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇద్దరు పిల్లలు. వీటిలో దేంట్లోనూ "నేను" లేదు. ఆకలి వేస్తుంది, జ్వరం వస్తుంది, అవన్నీ మన దగ్గరికి వచ్చి చేరతాయి. ఇంగ్లీషు ఇక్కడ మనిషిని ముందుకు తెచ్చి కర్తగా నిలబెడుతుంది: ఐ యామ్ హంగ్రీ, ఐ హావ్ ఎ ఫీవర్, ఐ నో, ఐ వాంట్. కాబట్టి ఇలాంటి "నాకు" వాక్యాలు ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ముందు "ఐ" పెట్టి చూడండి, చాలావరకు సరిపోతుంది.

ఇక పిల్లలు నవ్విన "హావింగ్" సంగతి. వండడం, నడవడం, రాయడం పనులు. తెలియడం, కావాలనిపించడం, పిల్లలు ఉండడం పనులు కావు, స్థితులు. ఇంగ్లీషు మామూలుగా పనికే "ఇంగ్" తగిలిస్తుంది, స్థితికి తగిలించదు. మనకేమో "చదువుతున్నారు"లోనూ, "పిల్లలున్నారు"లోనూ అదే "ఉన్నారు" వినిపిస్తుంది. రెండూ ఒకే మూసలో పోయాలనిపించడం సహజం. అదే హావ్‌కి తినడం అన్న అర్థం వచ్చినప్పుడు అది పని కాబట్టి "వుయ్ ఆర్ హావింగ్ లంచ్" అని నిక్షేపంగా అనొచ్చు. ఈ రెండు ముక్కలూ చెబితే ఏ తల్లికి అర్థం కాదు?

"వాన పడుతోంది" అన్నప్పుడు మనకు వానే కర్త. ఇంగ్లీషులో "ఇట్ ఈజ్ రైనింగ్". ఈ "ఇట్" ఎవరు? ఎవరూ కాదు. ఇంగ్లీషు వాక్యం మామూలుగా కర్త స్థానాన్ని ఖాళీగా ఉంచదు. ఎవరూ లేకపోతే బస్సులో సీటు మీద రుమాలు వేసినట్టు ఒక "ఇట్" వేసి ఉంచుతుంది. అలాగే "ఈవిడ మా అత్తగారు" అనే వాక్యంలో మనకు క్రియే అక్కర్లేదు. అక్కడ మాత్రం "ఈజ్" లేనిదే కుదరదు.

ప్రశ్న వేయాలంటే మనం చివర్న ఒక దీర్ఘం తీస్తాం. తిన్నావు, తిన్నావా? వాళ్లు "డూ"ని సాయానికి పిలుస్తారు: డిడ్ యూ ఈట్? గడిచిన కాలాన్ని ఆ "డిడ్" మోస్తోంది కాబట్టి వెనకున్న "ఈట్" మళ్లీ "ఏట్" కానక్కర్లేదు. ఒక బిందెను ఇద్దరు మోయరు కదా.

అన్నట్టు ఆ "కదా" కూడా అంతే. మనకు అన్ని వాక్యాలకీ ఒకటే కదా. ఇంగ్లీషులో వాక్యాన్ని బట్టి ఇజింట్ ఇట్, డోంట్ యూ, కాంట్ షీ అని మారుతూ ఉంటుంది. మనం అన్నిటికీ "ఇజింట్ ఇట్" తగిలిస్తున్నామంటే మన కదాని వాడుతున్నామన్నమాట. "హాట్ హాట్ కాఫీ" కూడా మన వేడి వేడి కాఫీయే, మన ఆమ్రేడితమే.

లోటు అంతా మన వైపే ఉందనుకోకండి. మనం, మేము అనే తేడా ఇంగ్లీషు "వుయ్"కి లేదు. "వుయ్ ఆర్ గోయింగ్ టు తిరుపతి" అంటే ఎదుటివాళ్లు బట్టలు సర్దుకోవాలో వద్దో ఆ మాటను బట్టి తెలియదు. నువ్వు, మీరు రెండూ ఒక్క "యూ"లోనే సర్దుకోవాలి.

వ్యాకరణం చదివితే భాష రాదు, మాట్లాడితేనే వస్తుంది అని కొందరంటారు. రోజంతా చుట్టూ ఇంగ్లీషు వినిపించే పిల్లలకు అది నిజమే. నలభై ఏళ్ల గృహిణికి ఆ వినికిడి ఎక్కడ దొరుకుతుంది? మాట్లాడక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ ముప్పై రోజుల పుస్తకంలో వాక్యాలు బట్టీ పడితే ఆ వాక్యాలే వస్తాయి. వాటి వెనకున్న తీరు తెలిస్తే మన వాక్యం మనం కట్టుకోగలం. "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అని తల్లులకు చెప్పే టీచర్లతో కూడా నాకు పేచీ ఇక్కడే. తెలుగు గట్టిగా వస్తే పోల్చి చూసుకోవడానికి పిల్లలకు ఒక ఆధారం ఉంటుంది. దాన్ని తీసేసి ఏమి ఇస్తున్నారు?

సి.పి. బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణం అచ్చు వేసినప్పుడు దాన్ని ఇంగ్లీషులోనే రాశాడు, ఇంగ్లీషు తెలిసినవాళ్లు తెలుగు నేర్చుకోవడానికి. తమ భాష మీదుగా పరాయి భాషలోకి వెళ్లడం వాళ్లకు చిన్నతనం అనిపించలేదు. మనం తెలుగు మీదుగా ఇంగ్లీషులోకి వెళితే మాత్రం చిన్నతనం ఎందుకవ్వాలి?

ఈ వారం ఒక పని చేయండి. రోజూ మీరు అనే "నాకు" వాక్యాలు ఓ పది కాగితం మీద రాసి, పక్కన ఇంగ్లీషు రాయండి. పిల్లల్ని పిలిచి చూపించండి. ఏది ఎందుకు మారిందో ఈసారి మీరు వాళ్లకు చెప్పండి. వచ్చే మీటింగ్‌కి మాత్రం మీరే వెళ్లండి. అక్కడ ఒక "ఇంగ్" ఎక్కువైనా ఫరవాలేదు, బిడ్డ గురించి అడగాల్సింది అడిగి రండి.