కౌన్సిలరే లేని ఊరి కోరిక

మొన్న కల్లూరు సెంటర్లో చాయ్ తాగుతుంటే, పక్క బల్ల మీద ఓ పెద్దమనిషి నలుగురికీ వినపడేలా తీర్పు చెప్పేశాడు. "మున్సిపాలిటీల సంఘమంటే అందరికీ పనికొచ్చేదే సర్కారును అడగాలె. ఒకటి రెండు ఊర్ల కోసం చట్టం మారుస్తరా సారూ?" చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఈ మాట కొత్తదేం కాదు. పట్టణాల సంఘాలన్నీ దీన్నే పట్టుకుని వేలాడుతున్నాయి.

అందరికీ పనికొచ్చేదంటే ఏమిటో ఆ సంఘాల కోరికల జాబితాలు చూస్తే తెలుస్తుంది. మొదటి వరసలో గౌరవ వేతనం, రెండో వరసలో ప్రొటోకాల్, అంటే శిలాఫలకం మీద చైర్మన్ పేరు ఎమ్మెల్యే పేరుకు ఎన్ని అంగుళాల కింద ఉండాలన్నది. తర్వాత పెండింగ్ బిల్లులు. బిల్లుల సంగతి నిజమైన బాధే, అప్పు తెచ్చి పని చేయించినవాడి ఉసురు ఊరికే పోదు. కానీ ఆ శాలువాలేమిటి? సంఘం సభ మూడు గంటలైతే రెండు గంటలు శాలువాలకే సరి. కప్పినవాడికి కప్పించుకున్నవాడు కప్పి, ఫొటో దిగి, భోజనాలకు లేచేసరికి రాజ్యాంగం "ఇతర అంశాలు" కింద మిగిలిపోతుంది.

1993లో అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు 18 పనులు రాసింది. అగ్నిమాపకం అందులో ఉంది, ఫైరింజను మాత్రం రాష్ట్ర శాఖ చేతిలో ఉంది. అధికారాలు "ఇవ్వవచ్చు" అన్నారే గాని "ఇచ్చి తీరాలి" అనలేదు. ఆ ఒక్క మాట మార్చమని ఎన్ని మహాసభలు గట్టిగా పట్టుబట్టాయి?

సరే, అదీ వదిలేద్దాం. అసలు నా కడుపుమంట మణుగూరు గురించి.

మా కల్లూరు నిన్నమొన్నటిదాకా పంచాయతీ. మున్సిపాలిటీ చేస్తామనగానే పన్నులు పెరుగుతాయని, ఉపాధి హామీ పని పోతుందని జనం గుబులుపడ్డారు. అయినా మాకు ఓటైతే ఉంది. ఇటు నుంచి కొత్తగూడెం దాటి ఏజెన్సీలోకి, అంటే షెడ్యూల్డ్ ప్రాంతంలోకి వెళ్లండి. బొగ్గు తవ్వే మణుగూరు 2005లో మున్సిపాలిటీ అయింది. ఒక్క కౌన్సిలర్‌నైనా ఎన్నుకున్న పాపాన పోలేదు. మంచిర్యాల వైపు మందమర్రిదీ ఇదే గోడు. కారణం 243-జెడ్‌సీ అధికరణం. షెడ్యూల్డ్ ప్రాంతాలకు రాజ్యాంగంలోని మున్సిపాలిటీల భాగం వర్తించదు, పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తే తప్ప. పంచాయతీల కోసం ఆ పని 1996లోనే చేశారు, అదే పెసా. పట్టణాల బిల్లును 2001లో రాజ్యసభలో పెట్టారు. అది చట్టం కాలేదు.

గిరిజనుల రక్షణ కోసమే ఇలా ఆపారని ఒక వాదన. పంచాయతీల్లో రక్షణలూ ఇచ్చి, ఎన్నికలూ పెట్టారు కదా! పట్టణానికి వచ్చేసరికి అంత కష్టమేమొచ్చింది?

ఇప్పుడు ఆ పెద్దమనిషి ప్రశ్నకు వస్తాను. ఒకటి రెండు ఊర్ల కోసమా అంటే, అవునండీ, వాటి కోసమే. సంఘంలో కుర్చీ దొరకాలంటే చైర్మనో మేయరో కావాలి. చైర్మన్ కావాలంటే ఎన్నిక జరగాలి. ఎన్నికే లేని ఊరికి ఆ హాలులో కుర్చీ ఎక్కడిది? ఆ కోరికను జాబితాలో ఎవరు రాయిస్తారు? గౌరవ వేతనం పెంచమనడానికి వందమంది ఉంటారు, వేతనం తీసుకునే మనిషే లేని ఊరి తరఫున ఒక్కడూ ఉండడు. పాల్వంచను 2025లో కొత్తగూడెంతో కలిపి కార్పొరేషన్ చేశారు. అదొక దారనుకుందాం. మణుగూరును ఎవరికి అంటగడతారు?

అమెరికాలో 1924లో పుట్టిన నగరాల సంఘం నేషనల్ లీగ్ ఆఫ్ సిటీస్ కమిటీలు వేసి విధానాలు తేల్చుకుంటుందని కొందరు మురిసిపోతుంటారు. మురవండి. అక్కడి నగరాలకు మేయర్లున్నారు, మాట్లాడతారు.

నన్నడిగితే జాబితాను అడుగు నుంచి రాయాలి. ఎన్నికలు లేని పట్టణాల ప్రతినిధులకు ముందు మైకు ఇవ్వాలి. వాళ్లను ఎవరు పంపాలంటారా? వార్డు సభలో, బస్తీ పెద్దలో, గని కార్మికులో, కూర్చుంటే తేలుతుంది. ముందు కూర్చోనివ్వండి.

కల్లూరులో మురుగు కాలవ పొంగితే మేం కౌన్సిలర్ ఇంటి గడప మీద నిలబడి నాలుగు తిట్లు తిట్టి రావచ్చు. మణుగూరువాడు అర్జీ రాసుకుని ఆఫీసుకు పోయి, ముద్ర వేసిన రశీదుతో తిరిగి రావాలి.