లూవ్ర్‌ను మార్చిన ఓర్పు

ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం ముంగిట ఉన్న గాజు పిరమిడ్ ఇవాళ ఆ నగరానికే గుర్తు. కట్టకముందు అదే నగరం దానిపై మండిపడింది. 1983లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరా పోటీ పెట్టకుండానే చైనాలో పుట్టిన అమెరికన్ ఆర్కిటెక్ట్ ఐ.ఎం. పెయ్‌కి మ్యూజియాన్ని తీర్చిదిద్దే పని అప్పగించారు. మరుసటి ఏడాది నమూనా చూసిన చారిత్రక కట్టడాల సంఘం పెయ్‌ను నిలదీసింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి.

పెయ్ వెనక్కి తగ్గలేదు. ఎదురుదాడికీ దిగలేదు. అప్పటి మ్యూజియంలో ఒక వైపు భవనం ఆర్థిక శాఖ చేతుల్లో ఉండేది. జనానికి తగిన ప్రవేశద్వారమే లేదు. పాత రాజభవనాన్ని మరుగుపరచకుండా ప్రాంగణం కింద హాలు తవ్వి, దానికి వెలుతురిచ్చే కప్పుగా పిరమిడ్‌ను నిలపడమే ఆయన చూపిన దారి. ప్యారిస్ మేయర్ షిరాక్ కోరితే, 1985లో పిరమిడ్ ఆకారాన్ని అసలు కొలతల్లోనే తీగలు కట్టి జనానికి చూపించారు. పాత గోడల రంగు మారి కనిపించకూడదని ఆకుపచ్చ ఛాయ లేని గాజును ప్రత్యేకంగా చేయించారు. 1989లో పిరమిడ్ తెరుచుకుంది.

పోటీ లేకుండా నిర్ణయించినప్పుడు జనానికి కోపం రావడం సహజం. ఆ కోపానికి జవాబు మొండితనం కాదు, వివరణ. ప్రజల సొమ్ముతో, ప్రజల వారసత్వంపై చేపట్టే ఏ నిర్మాణాన్నైనా ముందే ప్రజల కళ్లెదుట పెట్టాలి. అభ్యంతరాలు వినాలి, లోపాలు దిద్దాలి. ఆపైన, నమ్మిన పనిని చివరిదాకా నిలబెట్టాలి.