మేడ్చల్ దారిని మెట్రో స్టేషన్లు: మెట్ల లెక్క, రూపాయల లెక్క

నిజామాబాదునుండి గాని, బోధనునుండి గాని బస్సులో హైదరాబాదునకు పోవువారు కామారెడ్డి, తూప్రాన్ దాటి మేడ్చల్ వద్ద నగరపు పొలిమేర చేరుదురు. అచ్చటినుండి సికింద్రాబాదు జూబిలీ బస్ స్టేషను చేరుట, ప్రయాణమంతటిలోను మన యోర్పును పరీక్షించు ఘట్టము. ఈ దారిననే మెట్రో రైలు నడుపవలెనని తెలంగాణ ప్రభుత్వము సంకల్పించి, 2025 జూన్ నెలలో ప్రణాళికను కేంద్రమునకు పంపినది. జూబిలీ బస్ స్టేషనునుండి మేడ్చల్ వఱకు 24.5 కిలోమీటర్ల మార్గము, 18 స్టేషన్లు, 6,946 కోట్ల రూపాయల వ్యయము అని యందు చూపిరి.

ఇది రాజధానివారి గొడవ, మనకేల యని కొంద రనవచ్చును. చదువులకు, కొలువులకు పోవు మన యాడుబిడ్డలకును, గాంధీ ఆసుపత్రికి పోవు పెద్దలకును ఈ మార్గము మన జిల్లా వీధివాకిలివంటిది. ఇల్లు కట్టించువారు పునాది తీయకమునుపే గృహిణి నడిగి వంటయింటి చోటు నిర్ణయింతురు గదా. స్టేషన్ల విషయమునను మన మాట ముందుగనే వినబడుట మేలు.

మొదట వ్యయమును చూతము. పై మొత్తమును దూరముచే భాగించినచో కిలోమీటరునకు సుమారు 283 కోట్లగును. ఇందు పట్టాలు, పెట్టెలు, విద్యుత్తు, స్టేషన్లు అన్నియు చేరియున్నవి. చెన్నపట్టణమున మెట్రో రెండవ దశ 118.9 కిలోమీటర్లకు 63,246 కోట్లని అంచనా వేసిరి. అనగా కిలోమీటరునకు సుమారు 532 కోట్లు. ఇంత భేదమునకు గల కారణములలో ముఖ్యమైనది, చెన్నపట్టణపు మార్గములో మూడవ వంతునకు పైగా భూమి లోపల పోవుటయే.

మేడమీద గది వేయుటకంటె నేలమాళిగ త్రవ్వుట కెక్కువ ఖర్చని ఇల్లు కట్టించిన ప్రతివారికిని తెలియును. భూగర్భ స్టేషను పెద్ద నేలమాళిగయే. మట్టి జాఱకుండ చుట్టును దిట్టమైన గోడలు దింపవలెను; ఊట నీటిని తోడవలెను; వీథి క్రిందనున్న నీటి గొట్టములను, మురుగు కాలువలను, తీగెలను ముందుగ ప్రక్కకు జరుపవలెను. హైదరాబాదు నేలలో గట్టి నల్లరాయి తగులును. కట్టడము ముగిసిన పిదపను వ్యయమాగదు. పట్టపగలును దీపములు వెలుగవలెను, పెద్ద పంకాలు గాలి నాడింపవలెను, అగ్ని ప్రమాదమైనచో పొగను బయటికి లాగు యంత్రము లుండవలెను. ఈ కరెంటు ఖర్చు స్టేషను నడచినన్నాళ్లును ఉండును.

హైదరాబాదులో 2017 నవంబరు 28న ప్రారంభమైన మొదటి దశయందు 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. అన్నియు నేలకు పైననే. రహదారి నడుమ స్తంభములు నిలిపి, వానిపై మొదటి యంతస్తున టిక్కెట్ల సావడిని, దానిపైన ప్లాట్‌ఫారమును కట్టిరి. నేలపై స్థలమెక్కువ పట్టదు. గాలియు వెలుతురును సహజముగనే వచ్చును. స్తంభముల నీడ, రైలు చప్పుడు అను లోపములు లేకపోలేదు. ఇఱుకు వీథుల పాతబజారులలో భూగర్భమే తగునని వాదించువారును కలరు. శామీర్‌పేట వైపు తలపెట్టిన మార్గము హకీంపేట విమానస్థావరము దగ్గఱ కొంతమేర నేలలోనికి దిగునట్లు గీసిరి. విమానముల దారికడ్డముగ వంతెన కట్టరాదు గదా! అట్టి యవసరము లేనిచోట సొగసుకొఱకు లోతునకు దిగుట యప్పుచేసి ఆభరణములు కొనుటవంటిది.

పరిమాణమునుగూర్చి యింకొక మాట. న్యూయార్కు నగరమున 2017 జనవరి 1న తెఱచిన రెండవ అవెన్యూ సొరంగమార్గమున మూడు క్రొత్త స్టేషన్లకును, సుమారు మూడు కిలోమీటర్ల దారికిని దాదాపు 445 కోట్ల డాలర్లు వెచ్చించిరి. రైలు నిలుచుటకు కావలసినదానికంటె మిక్కిలి పొడవుగా త్రవ్వుటయు, సిబ్బంది గదులకును యంత్రముల గదులకును ఎక్కువ చోటు కేటాయించుటయు, స్టేషను స్టేషనునకు వేఱు నమూనా గీయుటయు వ్యయము పెరుగుటకు కారణములలో చేరినవని పరిశోధకులు తేల్చిరి. ఒకే నమూనాను పలుచోట్ల కట్టినచో నక్షాలకును, అచ్చులకును, మరమ్మతు సామానులకును ఖర్చు తగ్గును. ఒకే కొలతకు పది రవికెలు కుట్టించువారికి ఈ సూత్రము క్రొత్తది కాదు.

ఈ వ్యయము నెవరు భరింతురు? ప్రణాళిక ప్రకారము నూటికి 30 రూపాయలు రాష్ట్రమును, 18 రూపాయలు కేంద్రమును ఇచ్చును. 4 రూపాయలు ప్రైవేటు భాగస్వాములు తెత్తురు. తక్కిన 48 రూపాయలు ఋణము. ఋణము తీరవలసినది పన్నుల చేతను, టిక్కెట్ల చేతను గదా. 2025 మే నెలలో హైదరాబాదు మెట్రో ఛార్జీలను 12 మొదలు 75 రూపాయల వఱకు హెచ్చించి, జనుల యలజడి చూచి 11 మొదలు 69 రూపాయలకు తగ్గించిరి. అంతకుముందు పరిమితి 10 మొదలు 60 రూపాయలు. 2023 డిసెంబరు 9 మొదలు ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణ మేర్పడినది. బోధనునుండి రూపాయి చెల్లింపక మేడ్చల్ వఱకు వచ్చిన కూలిబిడ్డ, అచ్చట మెట్రో టిక్కెట్టు ధర విని బస్సులోనే కూర్చుండిపోయినచో, 18 స్టేషన్లెంత చక్కగా నున్నను ఆమె కేమి యుపకారము?

కావున మేము కోరునది అలంకారము కాదు. మేడ్చల్‌లో నిజామాబాదు రైలు నిలుచు స్టేషనును, బస్సులాగు చోటును, మెట్రోయు ఒకదానికొకటి చేరువగా, నీడగల దారితో కలియవలెను. చంకలో బిడ్డయు చేతిలో పెట్టెయు గల తల్లి అరమైలు నడువవలసి వచ్చినచో నది స్టేషను లోపమే. ఒక మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లనుకొన్నను, 12 మీటర్ల యెత్తునకు 80 మెట్లగును. మోకాళ్ల నొప్పిగల పెద్దల కది కొండ. రోడ్డునకు ఇరువైపుల లిఫ్టులుండవలెను, అవి పనిచేయుచుండవలెను. ప్రతి స్టేషనులోను శుభ్రమైన మరుగుదొడ్డి, త్రాగునీరు, కూర్చుండ బల్ల, చీకటిపడిన పిదప బయటి మెట్ల వఱకు వెలుతురు కావలెను. వీనికగు ఖర్చు గోపురములకును, చలువరాతి పలకలకును అగు ఖర్చులో స్వల్పభాగమే.

మన యింటి దగ్గఱనే దీనికి దృష్టాంతములు కలవు. 2023 ఆగస్టు 6న అమృత్ భారత్ పథకము క్రింద నిజామాబాదు రైల్వే స్టేషను పునర్నిర్మాణమునకు సుమారు 53 కోట్లతో శంకుస్థాపన జరిగినది. ముఖద్వారము చూడముచ్చటగ నుండుట మంచిదే. కాని రెండవ ప్లాట్‌ఫారమునకు ముసలమ్మ సుఖముగ చేరినదా యనునదే ఆ సొమ్మునకు గీటురాయి.

ఇక బోధను చెప్పు పాఠము వేఱు. నిజాంసాగరు నీటితో చెఱకు పండి, 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము వెలసి, శక్కర్‌నగరు పేరుగాంచినది. జానకంపేటనుండి బోధనునకు వేసిన రైలుదారి ఆ చక్కెరకును, ఆ జనులకును ఉపయోగపడినది. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడగా ఊరి సందడియు, దారి సందడియు తగ్గినవి. స్టేషను ప్రాణము దాని గోడలలో లేదు. చుట్టునున్న బ్రదుకుతెఱువులో నున్నది. మేడ్చల్ దారిలో స్టేషన్ల చోట్లు నిర్ణయించువారు భూముల ధరలు చూచుటకు ముందు కళాశాల, ఆసుపత్రి, బట్టల మిల్లు, కూరగాయల సంత ఎచ్చటనున్నవో చూడవలెను.

నెలనెల ఇంటి లెక్క వ్రాసికొను మన చదువరులకు కోట్ల లెక్క చూచి వెఱవ బనిలేదు. అంకెలు పెద్దవైనను ప్రశ్నలు చిన్నవే: ఎంత లోతు, ఎన్ని మెట్లు, ఎవరి యప్పు, టిక్కెట్టెంత? మీ ప్రతినిధులు ఓట్లకు వచ్చినపుడును, సభలు పెట్టినపుడును ఈ నాలుగింటిని అడుగుడు. ఆ దారిని పోవునపుడు మీకు కలిగిన యిబ్బందులను మాకు వ్రాసి పంపుడు. రాబోవు సంచికలలో వానిని సంతోషముతో ప్రకటింతుము.