ఉప్పు తప్పు సముద్రానిదా?

బహ్రెయిన్‌లో మేమున్న ఈ జుఫైర్‌లో చాలా భాగం ఒకప్పుడు సముద్రమే. మట్టి పోసి పూడ్చారు, మేడలు లేపారు. సముద్రాన్ని నెట్టేశామని మురిసిపోయేవాళ్లకి ఒక్క మాట: పైన నెట్టించుకున్న సముద్రం కిందనుంచి లోపలికొచ్చింది.

బహ్రెయిన్ అంటే అరబ్బీలో రెండు సముద్రాలు. ఒకటి ఉప్పుది, రెండోది నేల కింది తీపిదని ఒక అర్థం చెబుతారు. ముత్యాల కోసం మునిగేవాళ్లు సముద్రం అడుగున ఉబికే ఊటల నీళ్లే తోలుతిత్తులకి పట్టి తెచ్చుకునేవారు! అధారీ ఊట దూరపు తోటలకి పారి దగ్గరివాటిని ఎండగడుతుందని సామెత. ఊట ఎండింది, సామెత మిగిలింది, పక్కన వినోదాల పార్కు వెలిసింది.

ఎవరు తాగేశారు? ఫ్రాంక్ హోమ్స్ అనే దొర ఇక్కడ నీటి బావులు తవ్విపెట్టి, ఆ మెప్పుతో 1925లో చమురు హక్కు కొట్టేశాడు. ఆ తర్వాత బోర్ల మీద బోర్లు. సౌదీ వైపునుంచి భూగర్భంలో వచ్చి చేరేది ఏడాదికి సుమారు 11.2 కోట్ల ఘనపు మీటర్లు. 2003లో తోడింది దాదాపు 24 కోట్లు. ఇది వాడకమా, దోపిడీయా? తీపినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు. పైన మట్టం ఒక్క మీటరు పడిపోతే, కింద ఉప్పు నలభై మీటర్లు లేస్తుందని లెక్క. సముద్రం దొంగ కాదు, మనం ఖాళీ చేసిన ఇంట్లోకి దిగింది.

బహ్రెయిన్ దగ్గర డబ్బుంది. 1975లో సిత్రాలో సముద్రాన్ని మరిగించి తాగడం మొదలుపెట్టింది. మరి మా కోనసీమ? గ్యాసు బావులున్నాయి, ఆ డబ్బు మా నూతిలోకి రాదు. వరిచేల పక్కన ఉప్పునీళ్లు నింపి రొయ్యలు పెంచుతున్నారు. తీరం నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువుల్ని కొట్టేయమని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో పార్లమెంటు చట్టం తెచ్చి ఆ తీర్పు కోరలు పీకేసింది. ఇంతకంటే సిగ్గుచేటు ఉందా?

ఉంది, అది మనది. ఇక్కడ దీనార్లు సంపాదించి, ఎండిన ఊటల దేశంలో బతుకుతూ, ఊళ్లో రొయ్యల చెరువులు తవ్వించడానికి డబ్బు పంపుతున్నది మనమే.

అన్నయ్యలూ, రొయ్యల చెరువు లీజు కాగితం మీద సంతకం పెట్టేముందు, పాత చెరువు పక్కనున్న ఇంటి నూతిలో ఒక్క గుక్క తాగి చూడండి.