దిగొద్దు, చూపు తిప్పొద్దు

దేశంలో సజీవంగా ఉన్న ఒకే ఒక్క అగ్నిపర్వతాన్ని చూడాలంటే అండమాన్ సముద్రంలోకి వెళ్లాలి. 2024 వరకు పోర్ట్‌బ్లెయిర్‌గా పిలిచిన శ్రీ విజయపురానికి ఈశాన్యంగా సుమారు 140 కి.మీ. దూరంలో ఉంది బారెన్ దీవి. అక్కడ మనుషులు ఉండరు. వన్యప్రాణి అభయారణ్యం కాబట్టి పర్యాటకులను దిగనివ్వరు. నౌక మీంచే ఫొటోలు తీసుకుని వెనుదిరగాలి.

అంత దూరం వెళ్లీ కాలు పెట్టలేకపోవడం ఎవరికైనా నిరాశే. కానీ ఈ నిషేధం సబబే. 354 మీటర్ల ఎత్తున పైకి కనిపించేది కొండ కొస మాత్రమే. మొదలు రెండు కిలోమీటర్ల లోతున సముద్రగర్భంలో ఉంది. 1787లో దీని విస్ఫోటం తొలిసారి నమోదైంది. సుమారు ఒకటిన్నర శతాబ్దం నిద్రపోయి 1991లో మేల్కొన్నాక మళ్లీ అంత సుదీర్ఘంగా కునుకు తీయలేదు. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు దగ్గర్లో నమూనాలు సేకరిస్తుండగానే బూడిద చిమ్మింది. పగలు పొగలా కనిపించిందే చీకటి పడ్డాక ఎర్రటి లావాగా కళ్లకు కట్టింది. 2025 సెప్టెంబర్‌లో వారం వ్యవధిలో రెండుసార్లు స్వల్పంగా బద్దలైంది.

ఫొటో తీయడమూ తేలిక కాదు. పాత బిలం గోడ పడమటి వైపు తెగి ఉంది. లావా సముద్రంలోకి దిగేదీ, లోపలి శంకువు కనిపించేదీ అటే. ఉదయం వెళ్తే సూర్యుడు కొండ వెనక ఉంటాడు. నల్లటి ఆకారమే మిగులుతుంది. రాతి పొరలు విడివిడిగా తెలియాలంటే సాయంత్రపు ఎండ కావాలి. రాత్రి మంట కనిపిస్తే ఇంకో చిక్కు. ఊగే డెక్ మీద ట్రైపాడ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

అయితే ఈ ఫొటోల విలువ అందంతో ఆగిపోదు. ఇండొనేసియాలోని అనక్ క్రకటోవా అనుభవం అదే చెబుతోంది. 2018 డిసెంబర్ 22న ఆ అగ్నిపర్వతం ఒక పక్క కూలి సముద్రంలో పడింది. ఎగసిన సునామీకి 400 మందికి పైగా బలయ్యారు. ముందు పెద్ద భూకంపం రాలేదు కాబట్టి భూకంపాల మీద ఆధారపడిన హెచ్చరిక వ్యవస్థ మోగలేదు. ఆ వాలు నెలల ముందునుంచే జారుతున్న ఆనవాళ్లు ఉపగ్రహ డేటాలో ఉన్నట్టు తర్వాతి పరిశోధనలో తేలింది. సాక్ష్యం ఉంది, సమయానికి అక్కరకు రాలేదు.

బారెన్‌కూ అదే గతి పడుతుందని కాదు. కానీ 2004 సునామీ దెబ్బ తిన్న దీవులకు అది పొరుగునే ఉంది. ఆ విషాదం తర్వాత, 2007లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. భూకంపం లేకుండా కొండ కూలితే ఏమిటన్న ప్రశ్న దానికీ వర్తిస్తుంది.

ఖర్చు లేని పని ఒకటుంది. అక్కడికి వెళ్లే ప్రతి నౌకా ఒకే చోటు నుంచి, ఒకే దిశలో ఫొటో తీసి తేదీతో సహా అందజేయాలని అనుమతి పత్రంలోనే షరతు పెట్టవచ్చు. వాటిని వరుసగా పేర్చితే శంకువు ఎంత పెరిగిందో, ఏ వాలు మారిందో తెలుస్తుంది. ఉపగ్రహ చిత్రాలకూ అది తోడవుతుంది. మనుషులను దూరంగా ఉంచడం వరకు ప్రభుత్వం సరిగ్గానే చేస్తోంది. ఆ దూరం నుంచి నిఘా తప్పకుండా చూడటం కూడా దాని బాధ్యతే.