ఎంటర్లన్నీ పీకేస్తే ఫైలు బాగుపడదు బాబూ!

పోయిన దసరాకి పెద్దదోర్నాల వెళితే నాన్న ఓ టెక్స్ట్ ఫైలిచ్చారు. తాతయ్య రాసుకున్న కంద పద్యాలు, టైపు చేయించినవి. పాదానికీ పాదానికీ మధ్య ఓ ఖాళీ లైను, పద్యానికీ పద్యానికీ మధ్య నాలుగైదు. "ఇంజనీరువి కదరా, సరిచెయ్యి" అన్నారు.

నేనూ అందరూ చెప్పే చిట్కానే వాడాను. ఎంటర్లన్నీ వెతికి స్పేసుతో రీప్లేస్ ఆల్. మొత్తం ఒక్క ముద్ద! కందంలో 1, 3 పాదాలు పొట్టివి, 2, 4 పొడుగువి. ఎక్కడ విరగాలో పోయాక గణాలు లెక్కపెట్టుకోవాల్సిందే. నాకు రాదు. పాత ఫైలు పెన్‌డ్రైవులో ఉండబట్టి బతికిపోయా.

అందుకే ఆ చిట్కా చెప్పేవాళ్ళంటే నాకు మంట. లైను చివర విండోస్ సీఆర్, ఎల్ఎఫ్ అని రెండు గుర్తులు పెడుతుంది, యూనిక్స్ ఒక్క ఎల్ఎఫ్. (టెలిటైపుల నాటి సంబడం. ఒంటరి ఎల్ఎఫ్‌ని నోట్‌పాడ్ గుర్తుపట్టడానికి 2018 దాకా పట్టింది!) దానికి డాస్‌టుయూనిక్స్ కళ్ళు మూసుకుని నడపండి. ముందు అది చెయ్యకపోతే మధ్యలో సీఆర్ అడ్డుపడి, వరస ఎల్ఎఫ్‌లు వెతికినా దొరకవు. కానీ మనిషి కొట్టిన ఎంటరు వేరు, దానికో అర్థముంటుంది. వచనమైతే పేరా విరుపుల్ని ఫైల్లో లేని ఏదో గుర్తుగా దాచి, మిగతావి కలిపి, గుర్తుని మళ్ళీ విప్పండి. పద్యాలకి నేను రెండు ఎంటర్లుంటే ఒకటి, అంతకన్నా ఎక్కువుంటే రెండు చేశాను.

చక్కగా వచ్చిందని పంపితే నాన్న ఫోను: "నాలుగో పద్యంలో మూడో పాదం ఖాళీ ఏదిరా? అది మీ తాత కుదరక వదిలేసిన చోటు."